రేస్ బోటు ఎయిర్ లైన్ సామాను: ఎక్కడ ఏది కొనొచ్చు, ఏది ముట్టుకోకూడదు

ఫ్యాక్టరీ గోడకి బిగించిన సిలిండర్‌కి గాలి పంపే ఫిట్టింగు వేరు, నీళ్ళ మీద ఎగిరెగిరి పడే పడవలో అదే పని చేయాల్సిన ఫిట్టింగు వేరు. కేటలాగులో మాత్రం రెండూ ఒకే పేజీలో, ఒకే ఫొటోతో ఉంటాయి. రేస్ బోటుకి ఎయిర్ లైన్ మార్చేవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. బ్రాండు చూసి కొంటారు, మెటీరియల్ చూడరు. అమెరికాలో డ్రాగ్ బోట్లకి (తిన్నగా ఒక్క పరుగులో పోటీపడే పడవలు), హైడ్రోప్లేన్లకి (నీటిని పైపైన తాకుతూ దూసుకుపోయే రేస్ పడవలు) ఈ సామాను దొరికే చోట్లన్నిటి మీదా సమీక్ష ఇది. ఇండియాలో కొనాల్సి వస్తే ఏం చేయాలో చివర్లో ఉంది.

ముందు ఏ లైన్ గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి. గాలి ఒత్తిడితో గేరు మార్చే ఎయిర్ షిఫ్టర్, ఇంధనం ఆపే వాల్వ్, పారాచూట్ విప్పే సిలిండర్ లాంటివి ఒక వర్గం. బాటిల్‌లో కార్బన్ డయాక్సైడో, కంప్రెస్ చేసిన గాలో ఉంటుంది. రెగ్యులేటర్ దాన్ని 100 నుంచి 150 పీఎస్‌ఐకి (చదరపు అంగుళానికి పౌండ్లు) దించుతుంది. టర్బో ఉన్న ఇంజన్లలో వేస్ట్‌గేట్‌కి (టర్బో ఒత్తిడి హద్దు దాటకుండా ఎగ్జాస్ట్‌ని పక్కకి వదిలే వాల్వ్) పోయే బూస్ట్ లైన్ రెండో వర్గం. దీంట్లో ఒత్తిడి తక్కువే కానీ పక్కనే నిప్పులాంటి ఎగ్జాస్ట్ ఉంటుంది. మూడోది డ్రైవర్ మాస్క్‌కి వెళ్ళే ఊపిరి గాలి. ఈ మూడింటికీ ఒకే డబ్బాలోంచి సామాను తీసి బిగించే అలవాటు ఉన్న టీములున్నాయి. ఆ అలవాటు మానుకుంటే సగం సమస్యలు పోతాయి.

కొట్టుకి వెళ్ళేముందు వెర్నియర్ తీయండి

ట్యూబు సైజంటే బయటి వ్యాసం. అమెరికా బోటులో ఉండేది చాలావరకు 1/4 అంగుళం, అంటే 6.35 మి.మీ. దానికి దగ్గర చుట్టం 6 మి.మీ. ట్యూబు. ఆన్‌లైన్‌లో రెండిటినీ కలిపి అమ్మేస్తుంటారు. 6 మి.మీ. ట్యూబుని 1/4 పుష్ ఫిట్టింగులో (ట్యూబుని చేత్తో తోస్తే పట్టుకునే రకం) దూరిస్తే హాయిగా వెళ్తుంది, చేత్తో లాగితే పట్టుకున్నట్టే ఉంటుంది. కానీ లోపలి ఓ-రింగ్‌కి (గాలి కారకుండా ఆపే రబ్బరు ఉంగరం) సరిగ్గా ఆనదు. వర్క్‌షాపులో 60 పీఎస్‌ఐ దగ్గర సన్నగా కారుతుంది, నీళ్ళ మీద 130 దగ్గర ఊడి బయటికొస్తుంది. 1/4 ట్యూబు 6 మి.మీ. ఫిట్టింగులోకి అసలు వెళ్ళదు కాబట్టి అటువైపు మోసం లేదు. 3/8 అంటే 9.53 మి.మీ., అది 10 కాదు. 1/2 అంటే 12.7, అది 12 కాదు. ఈ చిన్న సైజుల్లో రెండే రెండు అంగుళానికీ మెట్రిక్‌కీ ఒకదాని బదులు ఒకటి పనికొస్తాయి: 5/32, 4 మి.మీ. ఒక జత, 5/16, 8 మి.మీ. ఇంకో జత. జపాన్ కంపెనీ ఎస్ఎంసీ వాళ్ళ కేక్యూ2 ఫిట్టింగుల్లో అంగుళం సైజుకి నారింజ రంగు రిలీజ్ బటన్, మెట్రిక్‌కి లేత బూడిద రంగు పెట్టారు. కలగలిసిపోయిన డబ్బాని విడదీయడానికి ఇంతకంటే సులువైన గుర్తు లేదు. మిగతా కంపెనీలు కూడా ఇదే పని చేస్తే ఎంత బాగుండేదో.

కొలిచేటప్పుడు పాత ట్యూబు చివర కొలవకండి. కాలెట్ (ఫిట్టింగు లోపల ట్యూబుని పట్టుకునే రింగు) పళ్ళు కొరికిన చోట కొలత తప్పు చూపిస్తుంది. ఒక అంగుళం కోసేసి, కొత్త చివర మీద రెండు దిక్కులా కొలవండి.

థ్రెడ్ దగ్గర చిక్కు ఇంకొంచెం ఎక్కువ. అమెరికా సామాను ఎన్‌పీటీ (అక్కడి పైపు థ్రెడ్ ప్రమాణం), 60 డిగ్రీల కోణం. యూరప్, జపాన్, ఇండియా సామాను ఎక్కువగా బీఎస్‌పీ (బ్రిటిష్ పైపు థ్రెడ్ ప్రమాణం), 55 డిగ్రీలు. 1/8 సైజులో ఎన్‌పీటీకి అంగుళానికి 27 చుట్లు, బీఎస్‌పీకి 28. 1/4లో 18, 19. ఒకటి రెండు చుట్లు తేడా లేకుండా ఎక్కినట్టే అనిపిస్తుంది, తర్వాత బిగుసుకుంటుంది. బిగుసుకుంది కదా అని స్పానర్ వేస్తే అల్యూమినియం వాల్వ్ బాడీ పోయినట్టే. 1/2, 3/4 సైజుల్లో రెండిటికీ 14 చుట్లే కాబట్టి పూర్తిగా ఎక్కేస్తుంది, టేపు ఎంత చుట్టినా కారుతూనే ఉంటుంది. థ్రెడ్ గేజు దువ్వెన ఒకటి టూల్‌బాక్సులో ఉంచుకుంటే ఈ గొడవ అర నిమిషంలో తేలిపోతుంది.

ఇంకోటి, ఇది హార్డ్‌వేర్ కొట్లో కొనేవాళ్ళకి. -4 ఏఎన్ (విమానాల సామానుకి పెట్టిన ప్రమాణం) ఫిట్టింగు థ్రెడ్ 7/16-20 (వ్యాసం 7/16 అంగుళం, అంగుళానికి 20 చుట్లు), ఫ్లేర్ (సీల్ అయ్యే కోన్ ఆకారపు చివర) 37 డిగ్రీలు. ఇళ్ళలో గ్యాస్ లైన్లకి వాడే 1/4 ఇత్తడి ఫ్లేర్ ఫిట్టింగు థ్రెడ్ కూడా 7/16-20 నే, కానీ ఫ్లేర్ 45 డిగ్రీలు. రెండూ ఒకదాని మీద ఒకటి చక్కగా ఎక్కుతాయి. కోన్ మాత్రం ఒక సన్న గీత మీదే ఆనుతుంది. మొదటి పరుగులో నిలుస్తుంది, వైబ్రేషన్ తగిలాక వదులవుతుంది. ఏఎన్, జేఐసీ (పరిశ్రమల్లో వాడే ప్రమాణం) రెండూ 37 డిగ్రీలే కాబట్టి గాలి పనికి వాటిని కలపొచ్చు.

మెక్‌మాస్టర్-కార్

అమెరికాలో ఉంటే మొదటి ఓటు ఈ పారిశ్రామిక సామాను కేటలాగు కంపెనీకే. కారణం ధర కాదు, ధర ఎప్పుడూ కాస్త ఎక్కువే. కారణం పేజీలో ఉండే సమాచారం. ట్యూబు బయటి, లోపలి వ్యాసాలు, గరిష్ఠ ఒత్తిడి ఎంత ఉష్ణోగ్రత దగ్గర, ఎంత వంచొచ్చు, సీల్ దేనితో చేశారు, కాలెట్ ఏ లోహం, అన్నీ వరుసగా ఉంటాయి. డ్రాయింగ్, క్యాడ్ ఫైలు దొరుకుతాయి కాబట్టి కాక్‌పిట్ మూలలో ఎల్బో (మలుపు తిప్పే ఫిట్టింగు) పడుతుందో లేదో ముందే చూసుకోవచ్చు. సరుకు ఎక్కువ ఊళ్ళకి మర్నాటికే చేరుతుంది. రేసు వారంలో ఆ ఒక్క రోజు విలువ ఎంతో వేరే చెప్పక్కర్లేదు.

లోటేమిటంటే, ఎక్కువ ఫిట్టింగులకి తయారీదారు ఎవరో చెప్పరు. ఈసారి వచ్చిన బ్రాండే వచ్చేసారి వస్తుందని లెక్కపెట్టుకోకూడదు. ఒక లైన్‌లో రెండు బ్రాండ్లున్నా ఫర్వాలేదు గానీ, ట్యూబు ఎంత లోతుకి దూర్చాలో బ్రాండుని బట్టి మారుతుంది. షిప్పింగ్ ఖర్చు ఆర్డర్ పెట్టేటప్పుడు కనబడదు, తర్వాత బిల్లులో చేరుతుంది. చిల్లరగా నాలుగు ఎల్బోలు తెప్పిస్తే షిప్పింగే సరుకు ధరని మించుతుంది. అందుకే సీజన్ మొదట్లోనే మొత్తం ఒకేసారి తెప్పించాలి.

ఒక బోటుకి ఎంత కావాలంటే: షిఫ్టర్, ఇంధన షటాఫ్, పారాచూట్ మూడూ ఉన్న మామూలు డ్రాగ్ బోటుకి 1/4 ట్యూబు 50 అడుగుల చుట్ట ఒకటి సరిపోయి మిగులుతుంది. 1/4 ట్యూబు నుంచి 1/8 ఎన్‌పీటీ స్ట్రెయిట్ ఫిట్టింగులు 8, అదే సైజు తిరిగే ఎల్బోలు 6, టీలు (మూడు దారులవి) 3, యూనియన్లు (రెండు ట్యూబుల్ని కలిపేవి) 2, గోడ దాటించే బల్క్‌హెడ్ యూనియన్లు 2, ప్లగ్గులు 4. లీకు ఏ కొమ్మలో ఉందో వెతికేటప్పుడు ఒక్కో కొమ్మనీ మూసి చూడటానికి ఆ ప్లగ్గులు. చాలామంది వీటినే మర్చిపోతారు. ట్యూబు కోసే కట్టర్ ఒకటి తప్పకుండా. సైడ్ కట్టర్‌తో కోస్తే ట్యూబు కోడిగుడ్డు ఆకారంలోకి మారుతుంది, ఏటవాలుగా తెగిన మొన ఓ-రింగ్‌ని చీరుతుంది. కొత్త ఫిట్టింగు లీకైందని తిట్టుకునే సందర్భాల్లో ఎక్కువగా నేరం ఆ సైడ్ కట్టర్‌దే.

ఆన్‌లైన్ బజార్లలో వంద ముక్కల ప్యాకెట్లు

వద్దు. దీని మీద ఇంతకంటే రాయాలని లేదు గానీ, కారణం చెప్పాలి. వీటిలో ప్లాస్టిక్ బాడీ, కాలెట్ కూడా కొన్నిట్లో ప్లాస్టిక్కే. పళ్ళు పలచని స్టీలు. ఒకే ప్యాకెట్లో ఒక ఫిట్టింగు ట్యూబుని గట్టిగా పట్టుకుంటుంది, పక్కది మెలితిప్పితే వదిలేస్తుంది. గరిష్ఠ ఒత్తిడి 150 పీఎస్‌ఐ అని పెట్టె మీద రాసుంటుంది. ఏ ఉష్ణోగ్రత దగ్గరో ఉండదు. ఎండలో మూసి ఉన్న ఇంజన్ కవర్ కింద ఆ అంకెకి అర్థం లేదు. పైగా 6 మి.మీ., 1/4 కలిపి ప్యాక్ చేసే అలవాటు ఇక్కడే ఎక్కువ. వర్క్‌షాపులో బ్లో గన్‌కి గొట్టం తగిలించుకోవడానికైతే సరే.

పేరున్న కంపెనీల ప్లాస్టిక్ బాడీ ఫిట్టింగులు ఇలాంటివి కావు. కానీ వాటికీ ఒక హద్దుంది. కేక్యూ2 గరిష్ఠ ఒత్తిడి 1 మెగాపాస్కల్, అంటే 145 పీఎస్‌ఐ. షిఫ్టర్ రెగ్యులేటర్‌ని 150కి పెట్టి ఈ ఫిట్టింగు వాడితే తయారీదారు చెప్పిన గీత దాటినట్టే. పార్కర్ లెగ్రిస్ ఎల్ఎఫ్3000 వరస 20 బార్ (290 పీఎస్‌ఐ) వరకు తట్టుకుంటుంది. అదే కంపెనీ ఎల్ఎఫ్3600 నికెల్ పూత ఇత్తడిది, 30 బార్ (435 పీఎస్‌ఐ). కాస్త ఖరీదైనా పడవకి ఇత్తడి బాడీ ఫిట్టింగే తీసుకోవాలని గట్టిగా చెప్తాను. ప్లాస్టిక్ బాడీ పగిలేది ఒత్తిడికి కాదు, కాలు తగిలి, స్పానర్ జారి, ఇంధనం ఒలికి.

ట్రక్కుల ఎయిర్ బ్రేక్ సామాను అమ్మే కొట్లు

రేసింగ్ వాళ్ళు చిన్నచూపు చూసే చోటు ఇదే, నిజానికి డబ్బుకి తగ్గ సరుకు దొరికే చోటూ ఇదే. పెద్ద ట్రక్కు బ్రేక్ లైన్‌కి వాడే నైలాన్ ట్యూబు ఎస్ఏఈ జే844 ప్రమాణానికి తయారవుతుంది: 150 పీఎస్‌ఐ పని ఒత్తిడి, మైనస్ 40 నుంచి 93 డిగ్రీల సెల్సియస్ వరకు. వాన, ఉప్పు, బురద, నిరంతరం కుదుపు, అన్నీ దృష్టిలో పెట్టుకుని చేసిన సరుకు. ట్యూబు పొడవునా ప్రమాణం పేరు అచ్చువేసి ఉంటుంది, అది చూసి కొనాలి. అచ్చు లేని నల్ల గొట్టాన్ని "ఇదీ అదే" అని ఇస్తే తీసుకోవద్దు.

దీనికి సరిపోయే పుష్ ఫిట్టింగుల్లో ట్యూబు లోపలికి దూరే చిన్న గొట్టం లాంటి సపోర్టు ఉంటుంది. బయట కాలెట్ కొరికినా, లోపల ఆ సపోర్టు ఉండటంతో ట్యూబు నలగదు. ఫ్యాక్టరీ పనికి వాడే మామూలు పుష్ ఫిట్టింగుల్లో ఇది ఉండదు. వేడికి ట్యూబు మెత్తబడి కాలెట్ పట్టు జారడం అనే రోగానికి ఇదే మందు. కంప్రెషన్ రకం కొంటే సపోర్టు ముక్క విడిగా ఉంటుంది, వెయ్యడం మర్చిపోకూడదు.

ఇబ్బంది రెండు. ఒకటి, ఈ ట్యూబు గట్టిది, సన్నటి మలుపులు తిరగదు. కాక్‌పిట్‌లో కుర్చీ కిందుగా పోయే లైన్‌కి ఎల్బో వేయక తప్పదు. రెండు, 1/4 కంటే చిన్న సైజులు ఈ కొట్లలో అరుదు.

ట్యూబు: పీయూనా, నైలానా, టెఫ్లానా

పాలీయూరిథేన్ (పీయూ) మెత్తగా వంగుతుంది, బిగించడానికి హాయి, అందుకే అందరూ ముందు దాని మీదే చెయ్యేస్తారు. కానీ పీయూలో రెండు జాతులున్నాయి. ఎస్టర్ రకం తడి, వేడి కలిసిన చోట నీటితో చర్య జరిపి కుళ్ళుతుంది. ముట్టుకుంటే చేతికి జిగురు అంటుతుంది, వంచితే సన్నటి పగుళ్ళు కనబడతాయి. ఈథర్ రకానికి ఆ బెడద లేదు. పడవకి కొంటే ఈథర్ అని రాసున్నదే కొనాలి. ఫెస్టో పీయూఎన్-హెచ్ నీటికి తట్టుకునే రకమని కేటలాగులోనే ఉంటుంది. ఏ రకమో పేజీలో చెప్పని పీయూ ట్యూబు ఎస్టరే అనుకుని వదిలేయడం మేలు. రెండో బలహీనత వేడి. ఎక్కువ పీయూ ట్యూబులకి గరిష్ఠం 60 డిగ్రీల సెల్సియస్, అక్కడికి చేరేసరికి తట్టుకునే ఒత్తిడి బాగా పడిపోతుంది. అందుకే పీయూ స్థానం కాక్‌పిట్, ఇంజన్ పక్క కాదు.

నైలాన్‌లోనూ తేడాలున్నాయి. చౌకరకం పీఏ6 నీళ్ళలో నానితే తన బరువులో సుమారు 9 శాతం దాకా నీరు పీలుస్తుంది, దాంతో ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. పీఏ12 పీల్చేది ఒకటిన్నర శాతం దగ్గర. పేరు ఒకటే నైలాన్, గుణం పూర్తిగా వేరు. రంగు కూడా అందం కోసం కాదు: పాల రంగు నైలాన్ ఎండకి పెళుసెక్కుతుంది, కార్బన్ బ్లాక్ కలిపిన నల్లది నిలుస్తుంది. షో కోసం ఎర్ర, నీలం ట్యూబులు కావాలంటే కవర్ కింద పోయే లైన్లకి వాడుకోండి.

టర్బో, హెడర్లు (ఇంజన్ ఎగ్జాస్ట్ గొట్టాలు) దగ్గరున్న చోట ఈ ప్లాస్టిక్కులన్నీ పక్కనపెట్టి స్టీలు అల్లిక ఉన్న టెఫ్లాన్ హోస్ వేయాల్సిందే. టెఫ్లాన్ 230 డిగ్రీల పైచిలుకు తట్టుకుంటుంది. సమ్మిట్ రేసింగ్ లాంటి రేస్ పార్ట్స్ కొట్లు దీనికి సరైన చోటు. -3, -4 సైజుల్లో కోసి ఇస్తారు, రెడీమేడ్ పొడవుల్లోనూ దొరుకుతుంది. ఇక్కడ కొనేటప్పుడు హోస్ ఎండ్ మీద శ్రద్ధ పెట్టండి. రబ్బరు హోస్‌కి చేసిన ఎండ్ టెఫ్లాన్ హోస్‌కి పట్టదు. టెఫ్లాన్ ఎండ్‌లో చిన్న ఇత్తడి ఆలివ్ (నొక్కుకుని సీల్ చేసే రింగు) ఉంటుంది. ఎండ్ మళ్ళీ మళ్ళీ వాడొచ్చు, ఆలివ్ మాత్రం విప్పిన ప్రతిసారీ కొత్తది కావాలి. ఆలివ్‌లు విడిగా ఓ అరడజను కొనిపెట్టుకోండి, రేసు మైదానంలో అవి దొరకవు. అల్లిక లేని ఒట్టి టెఫ్లాన్ ట్యూబుని పుష్ ఫిట్టింగులో పెట్టొద్దు. అది నున్నగా జారుతుంది, పళ్ళు కొరికిన చోట నెమ్మదిగా పక్కకి జరిగిపోయి పట్టు వదిలేస్తుంది.

ఉప్పునీళ్ళు, మంచినీళ్ళు

అమెరికాలో రేసులు జరిగే మాడిసన్‌లో ఒహాయో నది, ట్రై-సిటీస్‌లో కొలంబియా నది, సియాటిల్‌లో లేక్ వాషింగ్టన్, అన్నీ మంచినీళ్ళే. శాన్ డియేగో మిషన్ బే ఉప్పునీరు. మంచినీళ్ళ మీదే తిరిగే పడవకి నికెల్ పూత ఇత్తడి చాలు. స్టెయిన్‌లెస్ 316 ఫిట్టింగుల ధర దానికి ఎన్నో రెట్లు, ఆ ఖర్చు అనవసరం. ఉప్పునీళ్ళలో ముందు పోయేది బాడీ కాదు, కాలెట్ పళ్ళు. సన్నటి స్ప్రింగ్ స్టీలు కాబట్టి వాటి సందుల్లో ఉప్పు చేరి తుప్పు పడుతుంది. బయటికి ఫిట్టింగు తళతళలాడుతూనే ఉంటుంది, రిలీజ్ రింగు నొక్కితే మాత్రం కదలదు. అలా బిగుసుకుపోయిన ఫిట్టింగులు సీజన్‌కి ఒకటి రెండు కనబడితే అన్నిటినీ 316కి మార్చేయండి. స్వేజ్‌లాక్ (ఫెర్రూల్ అనే రింగులతో ట్యూబుని పట్టే ఫిట్టింగు బ్రాండు) కూడా మంచిదే, కానీ దాన్ని బిగించడం తెలిసినవాళ్ళు చేయాలి: 1/4 సైజు నట్టు చేత్తో బిగిశాక ఒకటింబావు చుట్టు. దానికి బదులు "గట్టిగా బిగించు" అంటే ఫెర్రూల్ పాడవుతుంది.

బిగించేటప్పుడు తప్పులు ఎక్కడ జరుగుతాయి

ట్యూబు దూర్చాల్సిన లోతుని ముందే మార్కర్‌తో గీత గీయండి. 1/4 సైజుకి అది దాదాపు 17 మి.మీ., సరైన అంకె ఆ బ్రాండు పేజీలో చూసుకోండి. దూర్చేటప్పుడు మొదట ఒక అడ్డంకి తగులుతుంది, అది కాలెట్. అక్కడితో అయిపోయిందని ఆగిపోతారు. ఇంకాస్త తోస్తే రెండోది తగులుతుంది, అది ఓ-రింగ్. దాన్ని దాటి ఫిట్టింగు అడుగుభాగానికి తగలాలి. గీత ఫిట్టింగు అంచు దగ్గర మాయమైతేనే లెక్క. ట్యూబు తీసి మళ్ళీ పెట్టేటప్పుడు కొరికిన చివర కనీసం అర అంగుళం కోసేయండి. అందుకే ప్రతి లైన్‌లోనూ కాస్త అదనపు పొడవు వదలాలి.

వాల్వ్ పోర్టులో ఎల్బో, దాని మీద టీ, టీ మీద గేజు, ఇలా గోపురం కట్టొద్దు. ఇంజన్ వైబ్రేషన్‌కి ఆ బరువంతా 1/8 థ్రెడ్ మొదట్లో ఊగుతుంది, అక్కడే విరుగుతుంది. గేజుని ప్యానెల్‌కి బిగించి ట్యూబుతో కలపండి. ట్యూబుకి ఫిట్టింగు నుంచి రెండు మూడు అంగుళాల్లోపు ఒక పీ-క్లాంపు, తర్వాత అడుగుకొకటి. జిప్ టైలతో గట్టిగా బిగిస్తే ట్యూబు నొక్కుకుపోతుంది, మెరైన్ ప్లైవుడ్ అంచుకి రాసుకుని అరుగుతుంది.

టెఫ్లాన్ టేపు మొదటి రెండు చుట్లు వదిలేసి చుట్టాలి. ఊడిన టేపు పోగు సోలెనాయిడ్ వాల్వ్‌లోకి (కరెంటు కాయిల్‌తో పనిచేసే వాల్వ్) వెళ్ళి స్పూల్‌ని (లోపల జరిగే కడ్డీ) పట్టేసిందంటే షిఫ్టర్ సగంలో ఆగుతుంది, నింద కాయిల్ మీద పడుతుంది. థ్రెడ్‌కి ముందే సీలెంట్ పూసి వచ్చే ఫిట్టింగులు తీసుకుంటే ఈ సమస్యే ఉండదు. పాలీకార్బనేట్ ఫిల్టర్ బౌల్ దగ్గర ఎనరోబిక్ థ్రెడ్‌లాకర్ (థ్రెడ్ వదులవకుండా పూసే జిగురు) వాడొద్దు, అది తగిలిన చోట బౌల్ పగుళ్ళు పడుతుంది. సోలెనాయిడ్ ఎగ్జాస్ట్ పోర్టుకి వేసే చిన్న కంచు మఫ్లర్‌ని తడి చేరే చోట వదలకండి. పోర్టుకి ఒక ఫిట్టింగు పెట్టి, జానెడు ట్యూబు పైకి తీసుకెళ్ళి కొన కిందికి వంచితే నీళ్ళు వాల్వ్‌లోకి రావు.

షిఫ్టర్ నెమ్మదిగా కదులుతోందంటే ఒత్తిడి పెంచేముందు ట్యూబు లోపలి వ్యాసం చూడండి. 5/32 ట్యూబు లోపల దాదాపు రెండున్నర మి.మీ. కన్నమే ఉంటుంది. వాల్వ్‌ని సిలిండర్ పక్కకి జరిపి, ఆ మధ్య ముక్కని 1/4కి మారిస్తే తేడా చేతికి తెలుస్తుంది.

బాటిల్ వైపు రెండు మాటలు. కార్బన్ డయాక్సైడ్ బాటిల్‌లో 21 డిగ్రీల దగ్గర ఒత్తిడి 850 పీఎస్‌ఐ దరిదాపు. 31 డిగ్రీలు దాటాక లోపల ద్రవమే ఉండదు, ఎండ పెరిగేకొద్దీ ఒత్తిడి చకచకా ఎగబాకుతుంది. బాటిల్‌ని నీడలో పెట్టాలి, వాల్వ్ పైకే ఉండేలా నిలబెట్టాలి. పడుకోబెడితే ద్రవం రెగ్యులేటర్‌లోకి వచ్చి సీళ్ళని గడ్డకట్టిస్తుంది. పెయింట్‌బాల్ గాలి ట్యాంకు వాడేవాళ్ళు గుర్తుంచుకోవాల్సింది: దాని మెడ మీదున్న రెగ్యులేటర్ బయటికి ఇచ్చేది సుమారు 800 పీఎస్‌ఐ, కొన్నిట్లో 450. రెండో రెగ్యులేటర్ లేకుండా పుష్ ఫిట్టింగులకి కలిపితే పేలుడే. రెండో రెగ్యులేటర్ తర్వాత ఒక రిలీఫ్ వాల్వ్ కూడా ఉండాలి, ఎందుకంటే సీటు అరిగిన రెగ్యులేటర్ ఒత్తిడిని మెల్లగా పైకి పాకనిస్తుంది.

పరీక్ష సులువే. 125కి నింపి, బాటిల్ మూసి, పది నిమిషాలు గేజు చూడండి. రెండు పీఎస్‌ఐ కంటే ఎక్కువ పడితే ప్లగ్గులతో ఒక్కో కొమ్మా మూసి వెతకండి. సబ్బునీళ్ళు వాడేటప్పుడు అమ్మోనియా ఉన్న క్లీనర్ మాత్రం వద్దు, ఇత్తడిని అది లోలోపల చీల్చేస్తుంది. లీక్ చెక్ కోసమే అమ్మే ద్రవం చిన్న సీసా కొనుక్కుంటే ఆ భయం లేదు.

డ్రైవర్ ఊపిరి గాలి: ఈ కొట్లేవీ కాదు

1981లో అకపుల్కోలో బిల్ మన్సీ, 1982లో కొలంబియా నది మీద డీన్ చెనోవెత్ అనే డ్రైవర్లు చనిపోయాక అన్‌లిమిటెడ్ హైడ్రోప్లేన్లలో మూసిన కాక్‌పిట్‌ల దారి పట్టారు. 1986లో మిస్ బడ్వైజర్ అనే పడవ ఎఫ్-16 విమానం కానోపీతో (కాక్‌పిట్ మీది పారదర్శక మూత) వచ్చింది. మూసిన కాక్‌పిట్ తలకిందులై నీళ్ళలో ఉంటే డ్రైవర్‌కి మిగిలేది మాస్క్‌లోని గాలే. ఆ లైన్‌కి స్కూబా (నీళ్ళలో మునిగే డైవర్ల) సామాను సర్వీస్ చేసే కొట్టు తప్ప వేరే చోటు లేదు.

ఇక్కడ థ్రెడ్లు ఒక ఉచ్చు పన్నుతాయి. స్కూబా ఫస్ట్ స్టేజ్ (బాటిల్ మీదుండే రెగ్యులేటర్) లో-ప్రెషర్ పోర్టు 3/8-24, అది -3 ఏఎన్ థ్రెడ్. హై-ప్రెషర్ పోర్టు 7/16-20, అది -4. సెకండ్ స్టేజ్ (నోటి దగ్గరుండే రెగ్యులేటర్) వైపు హోస్ చివర 9/16-18, అది -6. మూడూ ఏఎన్ ఫిట్టింగులతో ఎక్కేస్తాయి. కానీ స్కూబా పోర్టు సీల్ అయ్యేది ఓ-రింగ్‌తో, ఏఎన్ సీల్ అయ్యేది కోన్‌తో. ఎక్కింది కదా అని వాడితే ఆధారం లేని చోట ప్రాణం పెట్టినట్టే. హై-ప్రెషర్ పోర్టులో అయితే వెనక 3000 పీఎస్‌ఐ ఉంటుంది.

లో-ప్రెషర్ హోస్‌లో ఉండేది సుమారు 140 పీఎస్‌ఐ. ఆ అంకె చూసి "వర్క్‌షాపు ట్యూబు చాలదా" అనేవాళ్ళుంటారు. చాలదు. వర్క్‌షాపు ట్యూబు, వర్క్‌షాపు క్విక్ కప్లర్ లోపల తయారీలో పూసిన నూనె, గ్రీజు ఉంటాయి, వాసన నేరుగా మాస్క్‌లోకి వస్తుంది. వర్క్‌షాపు కంప్రెసర్‌తో బాటిల్ నింపడం ఇంకా ఘోరం. గ్రేడ్ ఇ (ఊపిరికి పనికొచ్చే) గాలిలో కార్బన్ మోనాక్సైడ్ 10 పీపీఎం మించకూడదు, వర్క్‌షాపు కంప్రెసర్ ఆ హామీ ఇవ్వలేదు. విడిపోయే జాయింట్‌కి బీసీ ఇన్‌ఫ్లేటర్ (డైవర్ జాకెట్‌లో గాలి నింపే గొట్టం) తరహా కప్లర్ వాడండి, గ్లవ్ వేసుకున్న చేత్తో, ఒత్తిడి ఉండగానే, ఒక్క లాగుకి విడిపోవాలి. ప్రతి రేసు రోజూ డ్రైవర్‌ని కూర్చోబెట్టి అది చేయించి చూడాలి.

ఇండియాలో కొనాల్సి వస్తే

2018 నవంబర్‌లో విజయవాడ దగ్గర కృష్ణా నది మీద ఎఫ్1హెచ్2ఓ పవర్‌బోట్ రేసు జరిగింది. అలాంటి సందర్భం మళ్ళీ వచ్చినా, ఇక్కడెవరైనా సొంతంగా పడవ కట్టుకున్నా, సామానుకి వెతుకులాడక్కర్లేదు. విజయవాడ ఆటోనగర్‌లో లారీల ఎయిర్ బ్రేక్ పైపులు, ఫిట్టింగులు కావలసినన్ని. పీఏ12, డిన్ 73378 (జర్మన్ ప్రమాణం) అని అచ్చున్న ట్యూబు అడగండి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో న్యూమాటిక్ సామాను కొట్లు వరసగా ఉన్నాయి. కోయంబత్తూరు జనాటిక్స్ సరుకు, ఫెస్టో, ఎస్ఎంసీ అన్నీ దొరుకుతాయి. కొట్లో "క్వార్టర్ ఇంచ్" అంటే కొన్నిసార్లు థ్రెడ్ సైజనుకుని బీఎస్‌పీ ఫిట్టింగు చేతిలో పెడతారు. ట్యూబు బయటి వ్యాసం మి.మీ.లలో చెప్పి, థ్రెడ్ పేరు విడిగా చెప్పి, పాత ముక్క బల్ల మీద పెట్టండి.

ఇక్కడి సరుకు దాదాపు అంతా మెట్రిక్, బీఎస్‌పీ. అమెరికా పడవని ముక్కముక్కగా రిపేరు చేస్తూ పోతే రెండు కొలతలూ కలగలిసిపోతాయి. దానికంటే ఒక్కసారి కూర్చుని లైన్లన్నీ 6 మి.మీ.కి మార్చేయడం మేలు. వాల్వులు, సిలిండర్ల పోర్టులు 1/8 ఎన్‌పీటీగానే ఉంటాయి కాబట్టి, ఒక వైపు ఎన్‌పీటీ, మరో వైపు 6 మి.మీ. ట్యూబు ఉన్న ఫిట్టింగులు ముందుగా ఆర్డర్ పెట్టి తెప్పించుకోవాలి, కౌంటర్ మీద ఉండవు.

బాటిల్ మాత్రం అమెరికా నుంచి తేవద్దు. పెసో (పేలుడు పదార్థాలు, గ్యాస్ సిలిండర్ల భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఆమోదం లేని సిలిండర్‌ని ఇక్కడ నియమాల ప్రకారం నింపకూడదు, పద్ధతైన ఫిల్లింగ్ స్టేషన్ నింపదు కూడా. ఇక్కడి సిలిండరే తీసుకోండి. దాని వాల్వ్ థ్రెడ్ అమెరికా రెగ్యులేటర్‌కి సరిపోదు కాబట్టి, అడాప్టర్ కోసం పరుగెత్తేకంటే ఆ సిలిండర్‌తో పాటే ఇక్కడి రెగ్యులేటర్ ఒకటి కొని, దాని అవుట్‌లెట్ నుంచి 6 మి.మీ. లైన్ మొదలుపెట్టండి.